ట్రావెల్ నర్స్ అంటే ఎవరు? పర్లాకిమిడి, రాయగడ సైడు తిరుగుతున్న పోస్టర్ల వెనక లెక్కలు

ఈ మధ్య ఆంధ్రని ఆనుకుని ఉన్న ఒడిశా ఊళ్లు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నర్సింగ్ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా ట్రావెల్ నర్స్ అనే మాటే. రీల్‌లో ఒక అమెరికా అమ్మాయి మూడు నెలలకో ఊరు మారుతూ వారానికి రెండు వేల డాలర్లు వస్తున్నాయంటుంది, దాని వెనకే ఎవరో ఏజెంట్ "ట్రావెల్ నర్సులు కావలెను, జీఎన్ఎం చాలు, ఫ్రీ అకామడేషన్" అని పోస్టర్ వదుల్తాడు (జీఎన్ఎం అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా), రెండూ ఒకటే అనుకుని ఇంట్లో వాళ్లు అప్పు ఎక్కడ పుడుతుందా అని చూడ్డం మొదలెడతారు.

అసలు చిక్కంతా ఏటంటే ఒకే పేరు కింద నాలుగు వేరు వేరు ఉద్యోగాలు తిరుగుతున్నాయి. ఒకటి అమెరికా లోపల అమెరికా లైసెన్స్ ఉన్న నర్స్ చేసే పొట్టి కాంట్రాక్టు పని, నిజానికి ట్రావెల్ నర్సింగ్ అంటే ఇదే. రెండోది మన దేశం నుంచి ఏజెన్సీ ద్వారా పరాయి దేశం వెళ్లి రెండు మూడేళ్లు ఒకేచోట కట్టుబడి చేసే పని. మూడోది ఇక్కడి అమ్మాయి విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లి ప్రైవేటు ఆసుపత్రిలో, లేదా ఇళ్లకి వెళ్లి పేషెంట్లని చూసుకునే హోమ్ కేర్ బ్యూరోలో చేరడం. నాలుగోది గవర్నమెంటు ఆసుపత్రిలోనే అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేయడం. ఈ నాలుగింటిలో జీతం ఎవరిస్తారు, లైసెన్స్ ఎక్కడిది, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలకీ నాలుగు రకాల జవాబులొస్తాయి, కాబట్టి ఒక్కోటీ విడివిడిగా చూద్దాం.

అమెరికాలో అసలు ట్రావెల్ నర్స్ పని ఎలా నడుస్తుంది

ఒక ఆసుపత్రిలో ఐసీయూలో నలుగురు నర్సులు ఒకేసారి మెటర్నిటీ లీవులో ఉన్నారనుకోండి, లేదా చలికాలం రాగానే ఫ్లూ కేసులు పెరిగాయనుకోండి. పర్మనెంట్ పోస్టు వేసి మనిషిని తెచ్చుకునేంత టైమ్ ఉండదు కాబట్టి ఆసుపత్రి ఒక స్టాఫింగ్ ఏజెన్సీకి చెప్తుంది, ఏజెన్సీ తన దగ్గరున్న నర్సుల్లో ఒకరిని పంపిస్తుంది. మామూలుగా కాంట్రాక్టు 13 వారాలు, వారానికి 12 గంటల షిఫ్టులు మూడు, అంటే 36 గంటలు. ఆ నర్స్ యజమాని ఆసుపత్రి కాదు, ఏజెన్సీ. ఆసుపత్రి ఏజెన్సీకి గంటకింత అని బిల్లు కడుతుంది, అందులో తన వాటా తీసుకుని మిగిలింది ఏజెన్సీ నర్స్‌కిస్తుంది.

కొత్తగా చదువు ముగించినవాళ్లని దీనికి తీసుకోరు. ఒక స్పెషాలిటీలో కనీసం ఏడాది రెండేళ్లు చేసి ఉండాలి, ఎందుకంటే కొత్త ఆసుపత్రిలో ట్రైనింగ్ అంటూ ఒకటి రెండు షిఫ్టులకి మించి ఉండదు, ఆ తర్వాత నేరుగా పేషెంట్లని అప్పజెప్పేస్తారు. మందుల గది ఎక్కడ, కంప్యూటర్లో ఛార్టింగ్ ఎలా, ఏ డాక్టర్‌కి ఎప్పుడు ఫోన్ చేయొచ్చు, ఇదంతా పని చేస్తూనే పట్టేయాలి. రీల్స్‌లో ఈ భాగం చూపించరు.

లైసెన్స్ సంగతీ ఉంది. అమెరికాలో కూడా నర్సింగ్ లైసెన్స్ స్టేట్ వారీగానే ఇస్తారు. కాకపోతే నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్ అని 40కి పైగా స్టేట్ల మధ్య ఒక ఒప్పందం ఉంది, అందులో ఉన్న స్టేట్‌లో స్థిరనివాసం ఉండి మల్టీస్టేట్ లైసెన్స్ తీసుకుంటే మిగతా కాంపాక్ట్ స్టేట్లన్నింటిలో పని చేయొచ్చు. కాలిఫోర్నియా ఇందులో లేదు, అక్కడ చేయాలంటే ఆ స్టేట్ లైసెన్స్ విడిగా తీసుకోవాలి.

వారానికి 2,100 డాలర్లు అనే అంకె లోపల ఏముంటుంది

ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడేది, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవి, పద్ధతి మాత్రం నిజంగా నడిచేదే.

ఒక కాంట్రాక్టులో గంటకి 25 డాలర్లు జీతం, వారానికి 1,200 డాలర్లు అద్దెకీ తిండికీ భత్యం అనుకుందాం. 36 గంటలకి జీతం 900, భత్యం 1,200, మొత్తం 2,100. దీన్ని 36తో భాగిస్తే గంటకి 58 డాలర్ల చిల్లర వస్తుంది, యాడ్‌లో కనిపించేది ఇదే. డాలర్ 85 రూపాయలు వేసుకుంటే వారానికి 1,78,500 అని మన పోస్టర్ మీదకొస్తుంది.

కానీ ఆ 1,200 ఎందుకిస్తున్నారు? నీకు ఒకచోట సొంత ఇల్లు, దాని ఖర్చు ఉంది, పని కోసం ఇంకో ఊళ్లో రెండో అద్దె కడుతున్నావు కాబట్టి. అమెరికా పన్నుల భాషలో ఆ మొదటి చోటుని టాక్స్ హోమ్ అంటారు. అది ఉంటేనే భత్యం మీద పన్ను పడదు. ఎక్కడా స్థిరమైన ఇల్లు లేకుండా కాంట్రాక్టు నుంచి కాంట్రాక్టుకి తిరిగే మనిషికి ఆ భత్యం కూడా జీతం కిందే లెక్క, దాని మీదా పన్ను కట్టాలి. ఇండియా నుంచి కొత్తగా వెళ్లి అక్కడ ఇల్లూ వాకిలీ లేని నర్స్ పరిస్థితి ఇదే అవుతుంది, గుణుపురంలో అమ్మానాన్నలున్న ఇంటిని టాక్స్ హోమ్ అని చూపిస్తే చెల్లదు.

ఇప్పుడు అదే ఊళ్లో పర్మనెంట్ నర్స్‌కి గంటకి 40 డాలర్లు అనుకుందాం. 36 గంటలకి 1,440, 52 వారాలకి 74,880, అందులో పెయిడ్ లీవు కలిసే ఉంటుంది, హెల్త్ ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ ఫండ్ విడిగా వస్తాయి. ట్రావెల్ నర్స్ ఏడాదిలో మూడు కాంట్రాక్టులు చేస్తే 39 వారాలకి 81,900, ఖాళీ లేకుండా నాలుగు చేస్తే 1,09,200. నాలుగు దొరికితే చాలా తేడా ఉంది, మూడే దొరికితే తేడా ఏడు వేలే, దానిలోంచి రెండో అద్దె, ప్రయాణాలు, మధ్యలో ఖాళీగా ఉన్న వారాల తిండి పోవాలి. అంటే సంపాదన తేల్చేది గంట రేటు కంటే ఏడాదిలో ఎన్ని వారాలు పని దొరికిందన్నది.

పని దొరకడం కూడా మన చేతిలో ఉండదు. కోవిడ్ టైమ్‌లో వారానికి 5,000 డాలర్లు దాటి ఇచ్చిన ఆసుపత్రులున్నాయి, 2022 తర్వాత రేట్లు బాగా దిగిపోయాయి, ఇప్పటికీ తిరుగుతున్న కొన్ని రీల్స్ ఆ కోవిడ్ నాటి రేట్లవే. పేషెంట్లు తగ్గితే ఆ రోజు షిఫ్టు రద్దు చేస్తారు, ఒక్కోసారి కాంట్రాక్టే మధ్యలో రద్దవుతుంది, అందుకే అక్కడి నర్సులు సంతకం పెట్టేముందు వారానికి ఇన్ని గంటలు గ్యారంటీ అన్న క్లాజ్ ఉందా లేదా అని వెతుకుతారు.

అక్కడ ఏజెన్సీ నర్స్‌కి ఎక్కువ, ఇక్కడ తక్కువ ఎందుకు

నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తిగా అనిపించేది ఇదే. అమెరికాలో ఏజెన్సీ ద్వారా వచ్చిన నర్స్ పక్కనున్న పర్మనెంట్ నర్స్ కన్నా ఎక్కువ తీసుకుంటుంది. మన దగ్గర అదే వార్డులో అవుట్‌సోర్సింగ్ సిస్టర్‌కి వచ్చేది పర్మనెంట్ సిస్టర్ జీతంలో సగం కూడా ఉండని చోట్లు చాలా ఉన్నాయి. రెండు చోట్లా మధ్యలో ఏజెన్సీ ఉంది, రెండు చోట్లా కాంట్రాక్టే, మరి ఈ తేడా ఎందుకు?

అక్కడ లైసెన్స్ ఉన్న నర్సులు పేషెంట్ల సంఖ్యకి చాలరు, బయటి దేశాల నుంచి వెంటనే తెచ్చుకోడానికి వీసా గోడ అడ్డం, అందుకని ఆసుపత్రి బతిమాలే స్థితిలో ఉంటుంది. ఇక్కడ జనానికి నర్సులు తక్కువే గానీ, జీతమిచ్చే పోస్టులు ఇంకా తక్కువ. కాలేజీల నుంచి ఏటా వేలమంది బయటికొస్తుంటే శాంక్షన్ అయిన పోస్టులు నిండక, నింపక, ఖాళీగానే ఉంటాయి. బతిమాలే పని నర్స్ మీద పడుతుంది. అక్కడ ఏజెన్సీని పెట్టుకునేది గబుక్కున మనిషి దొరకాలని, ఇక్కడ పెట్టుకునేది ఖర్చు తగ్గాలని.

ఒడిశా ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో కాంట్రాక్టు నియామకాల పద్ధతినే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది, 57 వేలమందికి పైగా కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులర్ అయ్యారు. మన సరిహద్దు జిల్లాల్లో చాలా ఇళ్లల్లో ఆ రోజు పండగ. కానీ అది ప్రభుత్వం నేరుగా కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్ల సంగతి, మధ్యలో ఏజెన్సీ ఉన్న అవుట్‌సోర్సింగ్ వాళ్లది వేరే ఖాతా. ఈ తేడా తెలియక "మాకెందుకు రాలేదు" అని అడిగినవాళ్లు చాలామంది.

ప్రైవేటు ఆసుపత్రుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు ఒక కమిటీ వేయమంది, ఆ కమిటీ సిఫార్సు చూడండి: 200 పడకలు దాటిన ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్స్‌తో సమానంగా ఇవ్వాలి, 100 నుంచి 200 పడకలైతే దానికన్నా 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపైనా 20,000కి తక్కువ ఇవ్వకూడదు. కేరళలో నర్సులు రోడ్డెక్కితే 2018లో అక్కడి ప్రభుత్వం కనీస జీతాల నోటిఫికేషన్ తెచ్చింది. మన దగ్గర చిన్న నర్సింగ్ హోముల్లో ఆ 20,000 ఇప్పటికీ చాలామంది చూడని అంకె.

గుణుపురం నుంచి నేరుగా అమెరికా ట్రావెల్ నర్స్ అవ్వొచ్చా

నేరుగా అవ్వలేరు. ఎందుకో చెప్తాను.

ముందు పరీక్ష. అమెరికాలో రిజిస్టర్డ్ నర్స్ అవ్వాలంటే ఎన్‌క్లెక్స్ పాసవ్వాలి, దానికి హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. ఫీజు 200 డాలర్లు, బయటి దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150 డాలర్లు పైన. ఐదు గంటల టైమ్‌లో కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, మనం చెప్పే జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. రాయడానికి ముందే ఒక స్టేట్ బోర్డు మన చదువుని ఒప్పుకోవాలి, జీఎన్ఎం వాళ్లకి ఈ దశలో బీఎస్సీ వాళ్లకన్నా ఎక్కువ కొర్రీలు పడతాయి. ఆ తర్వాత ఇంగ్లీషు టెస్టు, ఆ తర్వాత వీసాస్క్రీన్ అనే సర్టిఫికెట్, అందులో మన చదువు, ఇక్కడి రిజిస్ట్రేషన్ అన్నీ సరిచూస్తారు.

ఇదంతా చదివి సాధించేవాళ్లు ఉన్నారు. అసలు గోడ వీసా. ఆసుపత్రి నర్స్ పనికి డిగ్రీ తప్పనిసరి అనే రూల్ అక్కడ లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్లు వెళ్లే హెచ్1బీ మామూలు వార్డు నర్స్‌కి సాధారణంగా దొరకదు. నర్సులు వెళ్లేది ఈబీ-3 అనే గ్రీన్ కార్డు దారిలో. నర్సుల కొరత ఉందని అమెరికా ప్రభుత్వమే ముందుగా ఒప్పుకుంది కాబట్టి ఒక మెట్టు తగ్గుతుంది, కానీ క్యూ మాత్రం తప్పదు. ఆ క్యూ దేశాల వారీగా ఉంటుంది, ఇండియా వరుస అన్నింటికన్నా పొడుగు, 2025లో చూస్తే ఇండియా ఈబీ-3లో వంతు వచ్చింది సుమారు 2013లో దరఖాస్తు పెట్టినవాళ్లకి. అంటే పన్నెండేళ్ల వెనక. ఇంకో మెలిక ఏంటంటే లెక్కలోకి తీసుకునేది పుట్టిన దేశాన్ని, ఇప్పుడు ఉంటున్న దేశాన్ని కాదు, దుబాయ్‌లో పదేళ్లు చేసి అక్కడి నుంచి అప్లై చేసినా ఇండియా క్యూలోనే నిలబడాలి. భర్తో భార్యో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం క్యూలోకి మారొచ్చు, మన సైడు అలాంటి సంబంధాలు ఎన్నుంటాయి మరి.

సరే వంతొచ్చింది, వెళ్లారు. అప్పుడు కూడా మొదట చేరేది స్పాన్సర్ చేసిన ఆసుపత్రిలోనో ఏజెన్సీలోనో, మామూలుగా రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద. మధ్యలో మానేస్తే వేల డాలర్లు కట్టాలనే క్లాజులు కొన్నింటిలో ఉంటాయి. ఏజెన్సీల వాదన ఏంటంటే పరీక్ష ఫీజు, లాయరు, టికెట్లు, ఇన్నేళ్లు మేమే భరించాం, చేరిన మూడోనెల వెళ్లిపోతే మా డబ్బు సంగతేంటి అని. అది పూర్తిగా తీసిపారేసే మాట కాదు. నర్సుల వైపు వాదన ఏంటంటే పెట్టిన ఖర్చుకీ అడిగే జరిమానాకీ పొంతన లేనప్పుడు అది మనిషిని కట్టేసే తాడే అని. 2019లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఫిలిప్పీన్స్ నర్సుల కేసులో 25,000 డాలర్ల అలాంటి క్లాజు చెల్లదనీ, అది బెదిరించి పని చేయించడం కిందికే వస్తుందనీ తీర్పిచ్చింది. ఆ కాంట్రాక్టు కాలం ముగిశాకే, గ్రీన్ కార్డు చేతిలో పెట్టుకుని, కావాలంటే 13 వారాల ట్రావెల్ కాంట్రాక్టుల వైపు వెళ్లొచ్చు. రీల్‌లో కనిపించే అమ్మాయి ఈ దారి చివరి మజిలీలో ఉంది, పోస్టర్ మాత్రం అదే మొదటి మెట్టు అన్నట్టు చూపిస్తుంది.

గల్ఫ్, జర్మనీ, బ్రిటన్ దారులు

వీటిలో ఏదీ ట్రావెల్ నర్సింగ్ కాదు, మామూలు ఉద్యోగాలే, కానీ క్యూ అంత పొడుగుండదు. గల్ఫ్‌కి ఆ దేశపు లైసెన్స్ పరీక్ష, దాంతోపాటు డేటాఫ్లో అనే వెరిఫికేషన్, అంటే మన కాలేజీ, మన కౌన్సిల్, మనం పనిచేసిన ఆసుపత్రి, ప్రతిదాన్నీ నేరుగా అడిగి కాగితం నిజమా కాదా తేల్చడం. బ్రిటన్‌కి ఇంగ్లీషు స్కోరు, కంప్యూటర్ పరీక్ష, అక్కడికెళ్లాక చేతలతో చూపించే ఆస్కీ పరీక్ష. జర్మనీకి ఇంగ్లీషుతో పనిలేదు గానీ జర్మన్ భాష బీ2 లెవెల్ దాకా రావాలి, భాష నేర్చుకోడానికే ఏడాది పోతుంది.

ఏజెంట్ల విషయంలో ఒక్క అంకె గుర్తుంటే చాలు. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంట్ అభ్యర్థి నుంచి తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడా లేదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. కేరళ నర్సుల దగ్గర లక్షలు గుంజిన కుంభకోణాలు బయటపడ్డాక 2015లో కేంద్రం గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థల చేతిలో పెట్టింది, కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ లాంటివి అలా ముందుకొచ్చాయి. అలాంటి ప్రభుత్వ సంస్థలే ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి.

విశాఖ వెళ్లినా రిజిస్ట్రేషన్ మారాలి

ఇప్పుడు మన ఇంటి ముందున్న సరిహద్దు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం, గుణుపురం రైలెక్కితే నౌపడ మీదుగా శ్రీకాకుళం సైడు దిగిపోతాం, పెళ్లిళ్లూ పేరంటాలూ రెండు వైపులా ఉంటాయి. కానీ నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కి 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు గీసిన గీత ఇప్పటికీ గీతే. ఒడిశాలో చదివితే పేరు ఒడిశా కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంటుంది, ఆంధ్రలో పని చేయాలంటే ఇక్కడి నుంచి నో అబ్జెక్షన్ తీసుకుని అక్కడి కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. మళ్లీ పరీక్ష అక్కర్లేదు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న చదువైతే చాలు.

చాలా ప్రైవేటు ఆసుపత్రులు ఇది అడగవు, ఒడిశా రిజిస్ట్రేషన్ చూసి చేర్చుకుంటాయి, అమ్మాయి కూడా ఎవరు తిరుగుతారులే అని వదిలేస్తుంది. ఆ రోజు ఏమీ అవ్వదు. మూడేళ్ల తర్వాత గల్ఫ్‌కో అమెరికాకో కాగితాలు పెట్టినప్పుడు "విశాఖలో పనిచేసిన కాలానికి ఆంధ్ర రిజిస్ట్రేషన్ ఏది" అని అడిగితే అప్పుడు ఆ మూడేళ్ల అనుభవం మొత్తం గాల్లో వేలాడుతుంది.

దీన్ని సరిచేయడానికి 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది, 1947 నాటి పాత కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ కమిషన్, రాష్ట్ర కమిషన్లు, దేశమంతటికీ ఒక రిజిస్టర్ అనేది దాని ఆలోచన. ఈ లోపు దేశవ్యాప్తంగా నర్సులకి ఒక యునీక్ ఐడీ నంబర్ ఇచ్చే పద్ధతి నడుస్తోంది, అది ఉంటే రాష్ట్రం మారేటప్పుడు వెరిఫికేషన్ తేలికవుతుంది.

గవర్నమెంటు ఉద్యోగం దగ్గర మన తెలుగువాళ్లకి ఇంకో రెండు వైపుల ఇరుకుంది. ఒడిశాలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసైనట్టు కాగితం కావాలి, లేదా ఆ స్థాయి పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. చిన్నప్పుడు ఇచ్ఛాపురంలోనో టెక్కలిలోనో అమ్మమ్మ ఇంట్లో ఉండి తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి ఒడియా ధారాళంగా వచ్చినా కాగితం ఉండదు. ఇటు ఆంధ్రకి వెళ్తే 371-డి అధికరణం కింద పెద్ద వాటా పోస్టులు లోకల్ అభ్యర్థులకే, ఒడిశాలో చదివినవాళ్లు నాన్ లోకల్. అందుకే మన సైడు పిల్లలకి నార్సెట్ (ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి పెట్టే పరీక్ష) లాంటి కేంద్ర పరీక్షలు ఎక్కువ పనికొస్తాయి, అక్కడ ఒడియా కాగితమూ అడగరు, లోకల్ గొడవా లేదు. మగ నర్సులకి మాత్రం అందులో ఒక చిక్కుంది, పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకి, 20 శాతమే మగవాళ్లకి.

పైకి ఎదగడం అంటే ఏ మెట్లు

ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు, ఇవి అందరికీ తెలిసినవే. జీఎన్ఎం చేసినవాళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేస్తే డిగ్రీ చేతికొస్తుంది, ఆ తర్వాత ఎంఎస్సీ. నర్సింగ్ కాలేజీలో లెక్చరర్, ప్రొఫెసర్ లాంటి పోస్టులకి వెళ్లాలంటే ఎంఎస్సీ కావాలి. కొంచెం తక్కువ తెలిసింది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు, ఎక్కువ టైమ్ ఐసీయూలోనే గడుస్తుంది. పల్లెల్లో ఉండాలనుకునేవాళ్లకి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టు ఉంది, ఒడిశాలో సీహెచ్‌ఓ అంటారు, ఆంధ్రలో ఎంఎల్‌హెచ్‌పీ. గజపతి, రాయగడ కొండ ఊళ్లల్లో సబ్ సెంటర్ దగ్గర బీపీ, షుగరు, గర్భిణుల చెకప్ చూసేది వీళ్లే.

కాగితం మీద మెట్లు ఇవి, కానీ ఇండియాలో అయినా బయట అయినా ఉద్యోగమిచ్చేవాడు మొదట అడిగేది ఏ యూనిట్‌లో ఎన్నేళ్లు అని. ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది, అది వచ్చింది ఒక కష్టం లోంచి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు, 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలైంది. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనూ ఈ కేసులొస్తాయి, ఆ కాలేజీకున్న పేరు మన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిదే. డయాలసిస్ నర్సింగ్ అనేది గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ విడిగా పేరున్న స్పెషాలిటీ. అలాగే రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954 నుంచి నడుస్తున్న క్రిస్టియన్ హాస్పిటల్ లాంటి చోట్ల కాన్పులు, మలేరియా, పసిపిల్లల కేసులు చూసిన నర్స్‌కి పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో ఒక్క ఫ్లోర్‌కి పరిమితమైన నర్స్ కన్నా చేయి తిరిగి ఉంటుంది.

కానీ ఆ అనుభవం ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద కనిపించాలి. "స్టాఫ్ నర్స్‌గా పనిచేసెను" అని ఒక్క లైన్ రాసిచ్చే కాగితానికీ, ఏ యూనిట్, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఆసుపత్రిలో ఎన్ని పడకలు అని రాసిన కాగితానికీ విలువలో పొంతనే లేదు. నార్సెట్‌కి జీఎన్ఎం వాళ్లు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు చేసి ఉండాలి, పడకల సంఖ్య లేని సర్టిఫికెట్ తెస్తే మళ్లీ ఆ ఆసుపత్రి చుట్టూ తిరగాలి.

ఊర్లు మారినవాళ్లు, ఒకచోట ఉన్నవాళ్లు: ఒక లెక్క

ఇద్దర్ని ఊహించుకుందాం, పేర్లూ జీతాలూ నేను పెట్టినవే. లక్ష్మి, సంధ్య, ఇద్దరూ 21 ఏళ్లకి జీఎన్ఎం ముగించారు.

లక్ష్మి ఏడాదికో ఆసుపత్రి మారింది, విశాఖ, హైదరాబాద్, బెంగళూరు, ప్రతిసారీ కొంచెం పెరిగింది. నెలకి 13,000, 15,000, 18,000, 20,000, 23,000. ఐదేళ్లలో మొత్తం 10,68,000. ఒకచోట జనరల్ వార్డు, ఒకచోట ఓపీ, ఒకచోట ఐసీయూ, రెండుచోట్ల నోటీసు ఇవ్వకుండా వచ్చేసింది కాబట్టి సర్టిఫికెట్ రాలేదు.

సంధ్య 120 పడకల ఆసుపత్రి ఐసీయూలో రెండున్నరేళ్లు ఉంది, మొదటి ఏడాది 13,000, రెండో ఏడాది 14,500, చివరి ఆరు నెలలు 16,000, మొత్తం 4,26,000. తర్వాత పోస్ట్ బేసిక్ రెండేళ్లు, ఫీజు, ఖర్చులు 1,50,000 పోయాయి. చివరి ఆరు నెలలు 22,000 చొప్పున 1,32,000. ఐదేళ్లకి చేతిలో మిగిలింది 4,08,000. లక్ష్మి కన్నా 6,60,000 వెనక.

ఇప్పుడు సంధ్యకి ఎయిమ్స్‌లో ఉద్యోగం వస్తే బేసిక్కే 44,900. లక్ష్మి 23,000 దగ్గరే ఉందనుకుంటే నెలకి తేడా 21,900, రెండున్నరేళ్లలో ఆ 6,60,000 పూడిపోతుంది, అలవెన్సులు కలిపితే ఇంకా ముందే. కానీ సంధ్యకి ఆ పరీక్షలో రాకపోతే? 22,000 జీతం, డిగ్రీ, ఐసీయూ అనుభవం, ఇంట్లో చెల్లి పెళ్లి. ఆ ఐదేళ్లూ లక్ష్మి పంపిన డబ్బుతో వాళ్లింట్లో తమ్ముడు పాలిటెక్నిక్ చదివి ఉండొచ్చు, ఆ లెక్క ఏ రెజ్యూమెలోనూ కనిపించదు.

అందుకని ఊర్లు మారడం మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్క జవాబు లేదు. మారాలనేవాళ్లు చెప్పేది, చిన్న ఊళ్లో ఉండిపోతే వెంటిలేటర్ ముఖమే చూడకుండా పదేళ్లు గడిచిపోతాయి, రకరకాల డాక్టర్లు, రకరకాల పద్ధతులు చూస్తేనే చేయి తిరుగుతుంది, భయం పోతుంది అని. ఉండాలనేవాళ్లు చెప్పేది, వార్డుకి వార్డు మనుషులు మారిపోతుంటే నష్టపోయేది పేషెంటే, కొత్తవాళ్లకి నేర్పే సీనియర్లే ఉండరు, ఇంఛార్జి పోస్టు వచ్చేసరికి నువ్వు వేరే ఊళ్లో ఉంటావు అని. అమెరికాలోనూ ఇదే వాదన నడుస్తోంది, ట్రావెల్ నర్స్‌కి ఎక్కువ ఇస్తుంటే పర్మనెంట్ నర్సులు రాజీనామా చేసి వాళ్లూ ట్రావెల్ వైపు పోతున్నారనీ, ఆసుపత్రి ఆ ఖాళీని మళ్లీ ట్రావెల్ నర్సులతోనే నింపుతోందనీ అక్కడి ఆసుపత్రుల సంఘాలంటాయి, అందరికీ సరిగ్గా జీతాలిస్తే ఈ గొడవే లేదు కదా అని నర్సుల సంఘాలంటాయి.

లక్ష్మి దగ్గర ఆ రెండు సర్టిఫికెట్లూ ఉండి, మూడు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లూ సరిగ్గా ఉండి, మారిన ప్రతిసారీ ఐసీయూ నుంచి ఐసీయూకే మారి ఉంటే ఈ లెక్క పూర్తిగా వేరేగా వచ్చేది, గల్ఫ్ ఇంటర్వ్యూలో సంధ్య కన్నా ఆమెకే ముందు పిలుపొచ్చేది.